ఎన్నేండ్లొస్తాది సామీ?

ధర్మవరంలో కోపానికి కొదవ లేదు. పట్టు ధర పెరిగితే కోపం, కరెంటు పోతే కోపం, అల్లుడు పండక్కి రాకపోతే కోపం, వచ్చి వారం ఉంటే ఇంకా కోపం. ఇన్ని కోపాల మధ్య జకార్డు మెకానిక్ బాబావలి కోపానికి ఒక ప్రత్యేక హోదా ఉండేది. అది ఎప్పుడూ ఒకే ప్రశ్నతో మొదలయ్యేది: "ఎన్నేండ్లొస్తాది?" దానికి సరైన జవాబు రాకపోవడంతో పెరిగేది. ఎక్కడ ఆగుతుందో చూసినవాళ్ళు లేరు.

జకార్డు అంటే మగ్గం మీద, నేసేవాడి తలకు పైన, దూలాలకు బిగించిన యంత్రం. చిల్లులు కొట్టిన అట్టలు ఒక్కొక్కటే తిరుగుతుంటే వందల కొక్కేలు లేస్తూ పడుతూ చీర అంచున హంసల్ని పుట్టిస్తుంటాయి. ఒక్క స్ప్రింగు నీరసించిందంటే హంసకు మెడ ఉండదు. అప్పుడు బాబావలికి కబురు. ఆయన వచ్చి, నిచ్చెనెక్కి, చెడింది మార్చి, దిగేముందు ఎవరడిగినా అడక్కపోయినా తీర్పు చదివేవాడు: "ఈ స్ప్రింగు పద్దెనిమిది నెలలు. ఈ కొక్కేలు నాలుగేండ్లు. ఆ తాడు సంగతి నాకు తెలీదు, నేను కట్టింది కాదు." గడువు లోపల చెడితే తిట్టుకుంటూ వచ్చి ఊరికే చేసిపోయేవాడు. గడువు దాటి నడిచినా తిట్టుకునేవాడు, అంచనా తప్పిందని.

"శానా రోజులొస్తాది" అనేవాణ్ణి ఆయన మెకానిక్కుల్లో జమకట్టేవాడు కాడు. ఆ మాట అనేవాళ్ళు ఇద్దరే అని ఆయన సిద్ధాంతం. తెలియనివాడు ఒకడు, తెలిసీ చెప్పనివాడు ఒకడు. రెండోవాడి పక్కన నిలబెడితే మొదటివాడు దేవుడు.

ఇట్లాంటి మనిషికి ముప్పై ఎనిమిదో ఏట చక్కెర జబ్బు వచ్చింది. నలభై మూడో ఏట, అంటే 1999లో, అంగం గట్టిపడటం మానేసింది. ఈ సంగతిని మన సమాజం ఎంతో మర్యాదగా చెబుతుంది. అంటే చెప్పదు. చెప్పే బాధ్యతను గోడలకు అప్పగించింది. బస్టాండు గోడ, మూత్రశాల గోడ, పాడుబడిన సినిమాహాలు గోడ, ఎక్కడ చూసినా 'రహస్య వ్యాధులు' అని గజమెత్తు అక్షరాలు. రహస్యమైతే గోడ మీద ఎందుకు రాసినారని అడిగిన మొదటి మనిషి, నాకు తెలిసినంతలో, బాబావలే.

హిందూపురంలో ఒక లాడ్జికి నెలకొక ఆదివారం ఒక ప్రొఫెసరు వచ్చేవాడు. ఏ కాలేజీలో ప్రొఫెసరో కాలేజీకి కూడా తెలియదు. బాబావలి ఆయన్నీ అడిగాడు. "జీవితాంతం నాయనా!" అని ఆయన ఆశీర్వదించి ఒక పొడి ఇచ్చాడు. పొడి నలభై రోజులు వచ్చింది, పొట్లంలో. ప్రొఫెసరు అంతకాలం కూడా రాలేదు.

తర్వాత అసలు మాత్రలే మన దేశానికి వచ్చాయి. ధర్మవరం డాక్టరు రాసిచ్చాడు. లోకంలో చాలామందికి పనిచేశాయట. బాబావలికి మాత్రం తలనొప్పి తెప్పించాయి. "చక్కెర వల్ల లోపల నరాలూ రక్తనాళాలూ దెబ్బతిన్నాయి. ఇంక మిగిలింది ఆపరేషన్. లోపల రెండు కడ్డీలు పెడతారు. బెంగుళూరు సర్జన్ ఒకాయన ప్రతి రెండో శనివారం హిందూపురం వస్తాడు, పోయి కనపడు" అన్నాడు ఆ డాక్టరు.

2002 మార్చిలో రెండో శనివారం బాబావలి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తరు పూసుకుని, భార్య మదార్‌బీతో "స్ప్రింగులు కొనుక్కొస్తా" అని చెప్పి రైలెక్కాడు.

సర్జన్ గది గోడ మీద ఒక పటం. పూలతోటలో ఒక జంట, ఇద్దరి నోళ్ళలో కలిపి నలభై పళ్ళు కనిపిస్తున్నాయి. కింద 'జీవితకాలం' అని పెద్ద అక్షరాలు. సర్జన్ ఒక కడ్డీ చూపించాడు. చిటికెన వేలంత లావు, మెత్తటి రబ్బరులాంటిది, లోపల వెండి తీగ. కావాల్సినప్పుడు పైకి నిలబెట్టాలి, పనయ్యాక కిందికి వంచాలి. బాబావలి దాన్ని అందుకుని, వంచి, నిలబెట్టి, చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ వంచాడు.

"ఎన్నేండ్లొస్తాది సార్?"

"అది మీరు ఆలోచించొద్దు. లైఫ్‌లాంగ్."

"ఎవురి లైఫు సార్? నాదా, దాందా?"

సర్జన్ కళ్ళద్దాలు తీశాడు. "అంటే?"

"నాకు నలభై ఆరు. మా నాయన ఎనభై రెండు దాకా ఉన్న్యాడు. అంటే ముప్పై ఆరేండ్లు రావల్ల. ఒకేచోట వంచే తీగ యాడన్నా ముప్పై ఆరేండ్లు వచ్చిందా? నేను తీగల్తోనే బతికేటోణ్ణి."

"చూడండి, మా పేషెంట్లందరూ సంతోషంగా ఉన్నారు."

"అందురంటే ఎవురు సార్? పెట్టి పదేండ్లైనోణ్ణి ఒక్కణ్ణి చూపీండి."

"అట్లా చెప్పకూడదు. అది వాళ్ళ రహస్యం."

ఇక్కడ ధర్మవరం వాడుక ఒకటి చెప్పాలి. అక్కడ జకార్డు కొనేవాడు అంగడివాడి మాట వినడు. అదే తయారీది పదేళ్ళుగా నడుస్తున్న ఇంటికి పోయి, అరగంట చూసి, ఆ ఇంటివాళ్ళు పెట్టే శాపనార్థాలు విని, టీ తాగి వచ్చి అప్పుడు కొంటాడు. బాబావలి అదే పద్ధతిలో లేచి వెయిటింగు హాల్లోకి వచ్చాడు. అక్కడ పదకొండుమంది మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకే దినపత్రికను నాలుగు ముక్కలు చేసుకుని నలుగురు దాక్కున్నారు. మిగిలినవాళ్ళు ఫ్యానును పరిశోధిస్తున్నారు.

"అన్నల్లారా, ఈడ కడ్డీలు పెట్టిచ్చుకొని పదేండ్లైనోళ్ళు ఎవురన్నా ఉండారా?"

పత్రికలు నాలుగూ ఒకేసారి అంగుళం పైకి లేచాయి. టోకెన్లిచ్చే సుంకప్ప పరుగెత్తుకొచ్చాడు.

"ఏమప్పా, ఇదేమన్నా సంతనా?"

"సంతైతే బాగుండు సుంకప్పా. సంతలో ఎద్దు నోరు తెరిచి పండ్లన్నా చూపిస్తారు."

"ముందు బయటికి నడు!"

"పోతా. అన్నల్లారా, నా పేరు బాబావలి, జకార్డు మెకానిక్, ధర్మవరం. అంతే రాస్తే ఉత్తరం చేరతాది. సిగ్గున్నోళ్ళు పేరు లేకుండా రాయండి. నేను మాత్రం పేరు చెప్పినా, చచ్చిపోలే సూడండి."

ఇరవై నాలుగో రోజు ఇన్లాండ్ లెటరొకటి వచ్చింది. సంతకం లేదు. "వచ్చే గురువారం పదకొండు గంటలకు పెనుకొండ స్టేషను, ప్లాట్‌ఫారం కొన బెంచీ. గుర్తు: మంకీ క్యాప్." అది ఏప్రిల్ నెల. పెనుకొండ కొండరాళ్ళు కూడా నీడ వెతుక్కునే కాలం. రహస్యం కాపాడుకోవాలని అందరికీ కనిపించేలా ఉన్ని టోపీ పెట్టుకొచ్చిన ఆ పెద్దమనిషిని, ప్లాట్‌ఫారం మీది కుక్కతో సహా అందరూ చూశారు.

"ముందు టోపీ తీయండి సామీ," అన్నాడు బాబావలి. "ఈ ఎండకు మీరు పోతే నాకు జవాబు చెప్పేటోడుండడు."

టోపీ కింద నుంచి పాండురంగయ్య శెట్టి బయటపడ్డాడు. హిందూపురంలో చింతపండు మండీ, అరవై దాటిన వయసు, గుడి కమిటీకి రెండుసార్లు అధ్యక్షుడు. ఆరోజు వెయిటింగు హాల్లో దినపత్రిక నాలుగో ముక్క ఈయనదే.

"తొంభై ఒకటిలో పెట్టిచ్చుకున్న్యా, బొంబాయిలో. దుడ్ల సంగతి వదిలెయ్. ఆరేండ్లు బాగుండాది."

"ఆరేండ్లకు విరిగిందా?"

"యాడ విరుగుతాదప్పా! దానికేం గాలే. నాకే అయ్యింది. నాకూ నీ మాదిరే షుగరు. మూడొందలకు తగ్గేదే లేదు, నేను పట్టించుకునేదీ లేదు. కొనకాడ తోలు పల్చబడుతా వచ్చె. ఒకనాడు నీళ్ళు పోసుకుంటాంటే తెల్లగా ఏందో కనపడె. చూస్తే కడ్డీ. వెనకాలే చీము, జరం. ఈ హిందూపురమొచ్చే డాక్టరే కోసి తీసేసె. తీసినంక చూస్తినా, కడ్డీ కొత్తది కొత్తదే. కడిగి అంగట్లో పెట్టొచ్చు."

బాబావలి తన జీవితంలో ఇంత పెద్ద తప్పు ఎప్పుడూ చేయలేదు. కొత్త జకార్డు బిగించేముందు చెదలు పట్టిన దూలాన్ని వేలితో తట్టి చూడటం ఆయన అందరికీ నేర్పిన పాఠం. సొంత విషయంలో మాత్రం తీగ సంగతే అడిగాడు, దాన్ని మోయాల్సిన ఒంటి సంగతి అడగలేదు. కోపం మొదటిసారి ఆయన చొక్కా లోపలికే తిరిగింది.

"తీసేసినంక మళ్ళా మాత్రలన్నా..."

"ఏం మాత్రలప్పా? కడ్డీ పోయిన తావులో సొంతమనేది మిగల్దు. అది లోపలుండే మెత్తటి కండను తినేసే కూసుంటాది. తీసేస్తే అదీ లేదు, ఇదీ లేదు. ఈ మాట నాకు ముందర ఒక్కడంటే ఒక్కడు చెప్పలే. ఏడాది ఆగి మళ్ళా పెట్టిచ్చుకున్న్యా. రెండోసారి కష్టం. లోపలంతా గట్టిపడి ఉంటే కొంచెం పొట్టిది పెట్టిరి. నాలుగేండ్లాయె, ఉండాది."

"బొంబాయి డాక్టరుకు పోయి చెప్పలేదా?"

"ఏ మొగం పెట్టుకొని పోదును? ఉత్తరం కూడా రాయలే."

"ఇంట్లో ఏమనిరి?"

శెట్టి పట్టాల వైపు చూశాడు. "మా కన్యకమ్మకు హెర్నియా ఆపరేషన్ అని చెప్పి పోతి. ఇంటికొచ్చినంక తెలీకుండా ఎట్లుంటాది? అప్పుడొక మాటనె. 'గుడికి సున్నం కొట్టియ్యల్లన్నా పదిమందిని కూసోబెట్టి అడుగుతావు. నన్నడగలేదే' అనె. పదకొండేండ్లాయె. ఒక కడ్డీ పోయె, ఇంకొకటి వచ్చె. ఆమె మాట మాత్రం అరగలేదప్పా."

ధర్మవరం చేరేసరికి మధ్యాహ్నం. మదార్‌బీ రాట్నం ముందు కూర్చుని పట్టు కండెలు చుడుతోంది. బాబావలి చెప్పులు కూడా విడవకుండా మొత్తం చెప్పేశాడు. లాడ్జి పొడి నుంచి మంకీ క్యాప్ దాకా. రాట్నం ఆగింది.

"స్ప్రింగులు కొనేదానికి అత్తరెందుకు పూసుకుంటాండావని నేను అడగలే," అంది మదార్‌బీ. "అడిగితే నిజం చెప్తావేమోనని భయం."

"ఎవురన్నా ఉండారనుకుంటివా?"

"ఉంటే బాగుండనుకున్న్యా. జుట్టు పట్టుకొని కొట్లాడొచ్చు. లేనిదాంతో ఎట్ల కొట్లాడల్ల? మూడేండ్లు, నా ఒళ్ళు నీకు పాతబడిందనుకొని నేను గోడ తట్టు తిరిగి పండుకున్న్యా. నువ్వేమో నీది పాతబడిందని ఆ గోడ తట్టు. మధ్యలో దిండు సుఖపడింది."

"చెప్పేదానికి సిగ్గయ్యింది మదారూ."

"హిందూపురంలో పదకొండు మందిముందర చెప్పేదానికి కాలేదే సిగ్గు?" ఆమె గొంతు లేచింది. పక్కింటి మగ్గం చప్పుడు, వినడానికన్నట్టు, ఆగిపోయింది. "ఎన్నేండ్లొస్తాది, ఎన్నేండ్లొస్తాది అని లోకమంతా అడుగుతాండావు. అది పెడితే నాకేమైతాదో ఎవుర్నన్నా అడిగినావా? నాకు కావల్లనో వద్దో నన్నడిగినావా?"

"లేదు."

"అట్లయితే నువ్వా డాక్టరుకంటే ఏం మేలు?"

బాబావలి చెప్పులు విడిచి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

మే నెల రెండో శనివారం ఇద్దరూ హిందూపురం వెళ్ళారు. వెయిటింగు హాల్లోకి ఒక ఆడమనిషి రావడం చూసి పత్రికలు కణతల దాకా లేచాయి. లోపల సర్జన్ సాదరంగా అన్నాడు: "అమ్మా, మీరు బయట కూర్చోండి. సంతకం అప్పుడు పిలుస్తాం."

మదార్‌బీ కుర్చీ లాక్కుని కూర్చుంది. "సంతకం నాదైతే మాట కూడా ముందర నాకే చెప్పల్ల సార్."

"మీ ఆయనకు అన్నీ చెప్పాము."

"ఏం చెప్పినారు సార్?" అన్నాడు బాబావలి. "లైఫ్‌లాంగ్ అంటిరి. ఇంతవరకు ఎంతమందికి పెట్టినారు?"

"నూట ఇరవై పైనే."

"అందులో రెండేండ్లు దాటినంక మళ్ళా మీకు కనపడినోళ్ళు?"

సర్జన్ బల్ల మీది గాజుబిళ్ళను సరిచేశాడు. "ముప్పై... ముప్పై ఐదు."

"మిగతావాళ్ళు?"

"రాలేదంటే బాగున్నట్టే కదా."

బాబావలి లేచాడు. ఆ గది తలుపు పల్చటిది. ఆ తర్వాత జరిగిందంతా హాల్లో పదిమందీ విన్నారు. వినడమే కాదు, పత్రికలు దించి విన్నారని సుంకప్ప చాలాకాలం చెప్పుకున్నాడు.

"రాకపోతే బాగున్నట్టా సార్? నేనొకాయన్ను చూసినా. పేరు చెప్పను. కడ్డీ తోలు చీల్చుకొని బయటికొస్తే, సిగ్గుపడి, మొదట పెట్టిన డాక్టరు తట్టు మళ్ళా పోనేలేదు. ఆ డాక్టరు పుస్తకంలో ఆయన ఈ పొద్దుకీ సంతోషంగా ఉండాడు! మా సిగ్గంతా మీకు సర్టిఫికెట్టా? మేం నోరు మూసుకుంటే దాన్ని కూడా సంతోషంలో రాసుకుంటారా? నేను బిగించిన స్ప్రింగు పోతే సాలెవాడు నడివీధిలో నా చొక్కా పట్టుకుంటాడు. మీకు చొక్కా పట్టుకునేటోడే లేడు. అందుకే 'జీవితకాలం' అని ఇంత ధైర్యంగా గోడకు రాసి తగిలిచ్చినారు!"

సర్జన్ గోడ మీది పటం వైపు ఒకసారి చూశాడు. చెడ్డవాడు కాదు ఆయన. అడిగేవాడు లేక పాడైనవాడు. ఆ రకం మనుషులతో మన దేశంలో ఎన్ని ఆఫీసులు నడవడం లేదు!

"కూర్చోండి," అన్నాడు చివరికి. "చెప్తాను. ఈ వంచే కడ్డీలు విరగడం తక్కువ. పదేళ్ళు దాటినా ఎక్కువమందికి పనిచేస్తాయి. పంపు ఉండే రకం ఇంకొకటుంది, అది సహజంగా ఉంటుంది గానీ భాగాలెక్కువ కాబట్టి చెడేదీ ఎక్కువే. పదేళ్ళలో పదిమందిలో ఒకరిద్దరికి మార్చాల్సి వస్తుంది, ఆ తర్వాత ఇంకా పెరుగుతుంది. ముప్పై ఆరేళ్ళని ఏ రకానికీ చెప్పలేను, చెప్పినవాణ్ణి నమ్మొద్దు. అసలు భయం విరగడం కాదు, చీము. నూరుమందిలో ఇద్దరు ముగ్గురికి వస్తుంది. చక్కెర అదుపులో లేకపోతే ఇంకా ఎక్కువ. వస్తే తీసేయాలి. తీసేస్తే పాత స్థితి రాదు. రెండోసారి మొదటిసారికంటే కష్టం."

"పెట్టుకున్నంక నాకేమన్నా నొప్పి, రోగం?" అంది మదార్‌బీ.

"మీకు రోగమేమీ రాదమ్మా. కానీ ఆయనకు గాయం పూర్తిగా మానేదాకా ఆగాలి. తర్వాత కూడా మొదట్లో ఇద్దరికీ కొత్తగా ఉంటుంది. గట్టిదనం వస్తుంది, అంతే. ఇష్టం అది తెచ్చిపెట్టదు."

"అది మేం చూసుకుంటాం," అంది మదార్‌బీ. "ఇదంతా రాసియ్యండి."

"తెలుగులో," అన్నాడు బాబావలి. "ఇంగిలీషులో రాస్తే మా ఊర్లో మందులంగడోడు తప్ప ఎవురూ చదవలేరు."

సర్జన్ పదో తరగతి తర్వాత తెలుగు రాసి ఎరగడు. ఆరు వాక్యాలకు అరగంట పట్టింది. 'చీము' దగ్గర కలం ఆగితే మదార్‌బీ అక్షరం చెప్పింది.

"ఇది మొదటిరోజే చెప్పుంటే మీ నోరేమన్నా అరుగునా సార్?"

"చెప్తే సగంమంది లేచిపోతారు."

"పోనీండి. లేచిపోయే కాళ్ళు వాళ్ళవి."

ఆపరేషన్ ఆరోజు నిశ్చయం కాలేదు. "చక్కెర దిగనీ. దిగినంక నేను చెప్తా" అని మదార్‌బీ తీర్మానించింది. తొమ్మిది నెలలు ఆమె సంగటి ముద్దను సగం చేసింది, బెల్లం డబ్బాకు తాళం వేసింది, తెల్లారకముందే ఆయన్ను రైల్వేగేటు దాకా నడిపించింది. బాబావలి దారిపొడుగునా తిట్టుకుంటూ నడిచాడు. 2003 ఫిబ్రవరిలో, చక్కెర దిగింది చాలునని సర్జనూ, సరేనని మదార్‌బీ చెప్పాక, బెంగుళూరులో కడ్డీలు పెట్టారు. నెలా పదిహేను రోజులు నొప్పి. ఆ తర్వాతి సంగతి మదార్‌బీ ఎవరికీ చెప్పలేదు. బాబావలి మాత్రం ఏటా ఒకసారి సర్జన్ దగ్గరికి పోయి, టోకెను తీసుకుని, "బాగుండాది, రాసుకోండి" అని చెప్పి వచ్చేవాడు. హాల్లో ఉన్నవాళ్ళను కూడా అట్లాగే ఏటా వచ్చి చెప్పమని అదిలించేవాడు.

కొన్నాళ్ళకు ధర్మవరంలో బాబావలి ఇంటికి జకార్డు ఊసే తెలియని రైతులు, గుమాస్తాలు, ఒక సంస్కృతం పంతులు రావడం మొదలైంది. అందరూ గుమ్మం దాకా వచ్చి "మిషన్ సంగతి..." అని నసిగేవాళ్ళు. ఆయన అందరిచేతా ఆ తెలుగు కాగితం చదివించేవాడు. చదివాక ఒక్కటే అడిగేవాడు.

2009లో తాడిమర్రి నుంచి ఆదెప్ప అనే వేరుశనగ రైతు వచ్చాడు.

"అన్నా, గ్యారంటీ ఉండాదా?"

"నాకు పెట్టి ఆరేండ్లు. ఆరేండ్లకు నేను సాక్షి. ఏడో ఏడు నాకు తెలీదు. ఇంట్లో చెప్పొచ్చినావా?"

"విత్తనాలకని..."

"పో!" అన్నాడు బాబావలి, వీధి చివరిదాకా వినిపించేలా. "నాకు స్ప్రింగులు, నీకు విత్తనాలు! పోయి ఆయమ్మను పిల్చుకొని రా. లేకపోతే ఈ గుమ్మం తొక్కొద్దు."

ఆదెప్ప నెల దాకా రాలేదు. వచ్చిననాడు పక్కన భార్య ఉలిగమ్మ ఉంది. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, కొంగు నడుముకు బిగించి ఉంది. మదార్‌బీ చాప పరిచి, "ముందు నీళ్ళు తాగు తల్లీ, కోపంగా ఉన్నట్టుండావు" అంది.

"కోపమా?" అంది ఉలిగమ్మ, మొగుడివైపు చూడకుండానే. "రెండేండ్ల కోపమక్కా. బస్సులో సగం అయ్యింది. మిగిలింది చాప మీద కూసోని చేసుకుంటా. మీరు మాత్రం ఏదీ దాయకుండా చెప్పండి."